ఫినాలిక్స్ పరీక్షకు ఏ స్టాండర్డ్, ఏ రియేజెంట్? డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగల్చాలి

మొక్కల్లోని ఫినాలిక్ పదార్థాల మీద పని మొదలుపెట్టే దక్షిణ తెలంగాణ ల్యాబులకు నమూనాల కొరత ఉండదు. నల్గొండ బత్తాయి, బాలానగర్ సీతాఫలం, కొల్లాపూర్ మామిడి, పాలమూరు జొన్న, నల్లమల ఉసిరి, కరక్కాయ, దారి పొడవునా తంగేడు. చిక్కు ఇండెంటు (కొనుగోలు కోరే పత్రం) రాసే రోజున వస్తుంది. కేటలాగు తెరిస్తే ఒక్క గాలిక్ ఆమ్లమే నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. ఒకదాని ధరకూ మరోదాని ధరకూ పొంతన ఉండదు. గైడు గారు పాత థీసిస్ చూపించి అందులో ఉన్నదే రాయమంటారు. సరఫరాదారు తన దగ్గర నిల్వ ఉన్నది అంటగడతాడు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రంగును బట్టి కొలిచే పరీక్షలకు మరీ ఖరీదైన స్టాండర్డ్ (నమూనాను పోల్చి కొలవడానికి వాడే, శుద్ధత తెలిసిన పదార్థం) దండగ. అక్కడ మిగిలిన డబ్బును శుద్ధమైన నీటి మీద, నమ్మదగిన తూకం మీద, మీ మొక్కకే ప్రత్యేకమైన ఒకటి రెండు మార్కర్ పదార్థాల మీద పెట్టండి. తప్పుడు అంకెలు ఎక్కువగా పుట్టేది ఈ మూడు చోట్లే.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీకు కావలసింది మొత్తం ఫినాలిక్స్ ఎంత అన్న ఒక్క అంకెనా, లేక ఏ పదార్థం ఎంత ఉందన్న వివరమా? మొదటిదైతే మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్, నాలుగైదు రసాయనాలు చాలు. రెండోదైతే హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి ఒక్కొక్కటీ కొలిచే యంత్రం) కావాలి, ఒక్కో పదార్థానికి ఒక్కో స్టాండర్డ్ కావాలి. పది రకాల ఆకులను పోల్చి ఎందులో ఎక్కువో చూడాలనుకునేవారు మొదటి దారిలో వెళ్లి, అందులో పైకి తేలిన రెండింటికే రెండో దారి పట్టడం మేలు. మొదటి రోజే ఇరవై స్టాండర్డ్లకు ఇండెంటు పెట్టిన చోట సగం సీసాలు సీలు కూడా తీయకుండానే గడువు దాటిపోతాయి.

గాలిక్ ఆమ్లం, టానిక్ ఆమ్లం, కాటెచిన్

ఫోలిన్-చియొకాల్టు పద్ధతిలో (రియేజెంట్‌తో నీలి రంగు తెప్పించి, ఆ రంగును కొలిచేది) మొత్తం ఫినాలిక్స్ కొలవడానికి ఈ మూడింటిలో ఏదో ఒకటి వాడుతుంటారు. నేనైతే గాలిక్ ఆమ్లమే తీసుకోమంటాను. ఒకే అణువు, నిర్దిష్టమైన అణుభారం, చవక, నీటిలో కరుగుతుంది, పైగా ప్రపంచంలో ఎక్కువ మంది తమ ఫలితాలను గాలిక్ ఆమ్ల తుల్యాంకాల్లోనే (ఇన్ని మి.గ్రా. గాలిక్ ఆమ్లంతో సమానం అని) రాస్తారు కాబట్టి పోల్చుకోవడం తేలిక. టానిక్ ఆమ్లం ఒకే పదార్థం కాదు. గ్లూకోజుకు వేర్వేరు సంఖ్యలో గాలిక్ ఆమ్లపు అణువులు అతుక్కున్న మిశ్రమం అది. సీసా మీద 1701 అని అణుభారం రాసి ఉన్నా, లోపల ఉన్నదంతా ఆ బరువుదే అనుకోకూడదు. కంపెనీ మారితే, ఒక్కోసారి లాటు మారినా, మిశ్రమం మారుతుంది. నిరుటి ఫలితాన్ని ఈ ఏటి ఫలితంతో పోల్చాలనుకునేవారికి ఇది పనికిరాదు. కాటెచిన్ మంచిదే, కానీ టీ ఆకు, జొన్న, తుమ్మ బెరడు లాంటి వాటిలో ఆ జాతి పదార్థాలే ప్రధానమైనప్పుడు దానికి అర్థం ఉంటుంది.

గాలిక్ ఆమ్లం అని నిర్ణయించుకున్నాక అసలు మెలిక వస్తుంది. ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది. నీరు లేనిది ఒకటి, అణుభారం 170.12, సీఏఎస్ నంబరు (ఒక్కో రసాయనానికీ ఉండే గుర్తింపు సంఖ్య) 149-91-7. ఒక స్ఫటిక జలం ఉన్న మోనోహైడ్రేట్ ఇంకొకటి, అణుభారం 188.14, సీఏఎస్ నంబరు 5995-86-8. చూడటానికి రెండూ తెల్లటి పొడులే, రెండింటి లేబుల్ మీదా పెద్ద అక్షరాల్లో గాలిక్ ఆమ్లం అనే ఉంటుంది. మోనోహైడ్రేట్‌ను 100 మి.గ్రా. తూచి 100 మి.లీ. చేస్తే, అందులో ఉన్న అసలు గాలిక్ ఆమ్లం 90.4 మి.గ్రా. మాత్రమే. దాన్ని 100 అనుకుని స్టాండర్డ్ రేఖ (గాఢతకూ రంగుకూ మధ్య గీసే గ్రాఫు) గీస్తే మీ నమూనాల అంకెలన్నీ పదిన్నర శాతం పెరిగి వస్తాయి. గ్రాముకు 45 మి.గ్రా. ఉన్న నమూనా దాదాపు 50గా కనిపిస్తుంది. రేఖ మాత్రం చక్కగా తిన్నగా వస్తుంది, ఆర్-స్క్వేర్ 0.999 చూపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

మోనోహైడ్రేట్ కొనకూడదని నేను అనడం లేదు. అది చవక, నిల్వకు కూడా ఇబ్బంది లేదు. 100కు బదులు 110.6 మి.గ్రా. తూచితే లెక్క సరిపోతుంది. ల్యాబు నోటుబుక్కులో ఏ రూపమో రాసిపెట్టడం మాత్రం మరవకూడదు. ఇక సర్టిఫైడ్ రిఫరెన్స్ మెటీరియల్ (శుద్ధతను, అనిశ్చితిని ధ్రువీకరించి అమ్మే స్టాండర్డ్) విషయం. ఫోలిన్ పద్ధతిలో ఒకే నమూనాను మూడు సార్లు చేస్తేనే రెండు మూడు శాతం తేడా సహజంగా వస్తుంది. అక్కడ అర శాతం అనిశ్చితి ఉన్న స్టాండర్డ్ కొనడం వల్ల ఒరిగేదేమీ లేదు. 98 శాతం పైబడిన విశ్లేషణ శ్రేణి గాలిక్ ఆమ్లం చాలు. హైమీడియా, ఎస్‌ఆర్‌ఎల్, లోబా లాంటి మన దేశపు కంపెనీలవి, సిగ్మా-ఆల్డ్రిచ్‌ది, టీసీఐది, ఏదైనా సరే, విశ్లేషణ పత్రం ఇస్తే తీసుకోవచ్చు.

ఫోలిన్ సీసా, కార్బొనేటు, బోరు నీరు

ఓటో ఫోలిన్, చియొకాల్టు 1927లో ఈ రియేజెంట్‌ను ప్రొటీన్లలోని టైరోసిన్, ట్రిప్టోఫాన్ కొలవడానికి వాడారు. 1965లో సింగిల్టన్, రోసి దాన్ని ఫినాలిక్స్ కోసం సవరించి స్థిరపరిచారు. ఈ చరిత్ర ఎందుకంటే, ఈ రియేజెంట్‌కు ఫినాల్ అని ప్రత్యేకమైన అభిమానం ఏమీ లేదు. ఎలక్ట్రాన్ ఇచ్చే దేనితోనైనా నీలం అవుతుంది: విటమిన్ సీ, టైరోసిన్ ఉన్న ప్రొటీన్లు, కొంత మేరకు క్షయకరణ చక్కెరలు, సల్ఫైట్. ఉసిరి మీద పనిచేసేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఉసిరి రసాన్ని నేరుగా ఫోలిన్‌తో కొలిచి, వచ్చిన అంకె అంతా ఫినాలిక్సే అని రాస్తే విటమిన్ సీని కూడా ఆ లెక్కలో కలిపినట్టే. ఇలాంటి నమూనాలకు పాలీవినైల్‌పాలీపైరోలిడోన్ పొడి ఒక డబ్బా తెచ్చిపెట్టుకోండి. అది టానిన్లను (పెద్ద ఫినాలిక్ అణువులను) పట్టేసుకుంటుంది, విటమిన్ సీని వదిలేస్తుంది. పొడి కలపకముందు, కలిపి వడకట్టాక రెండుసార్లు కొలిస్తే ఆ తేడా టానిన్లది. మిగిలినదానిలో చిన్న ఫినాలిక్ అణువులతో పాటు విటమిన్ సీ ఉంటుంది కాబట్టి, దాన్ని విడిగా కొలిచి తీసేయాలి.

రియేజెంట్ కొనాలా, చేసుకోవాలా? కొనండి. టంగ్‌స్టేట్, మాలిబ్డేట్ ఆమ్లాలతో కలిపి పది గంటలు రిఫ్లక్స్ చేసి (ఆవిరి తిరిగి చల్లబడి లోపలే పడేలా మరిగించి), ఆఖర్న బ్రోమిన్ వేసి మరిగించాల్సిన పని అది. మంచి ఫ్యూమ్ హుడ్ లేని ల్యాబులో ఆ సాహసం వద్దు. బజారులో దొరికేది సాధారణంగా 2 నార్మల్ గాఢతది; ఆ రోజుకు కావలసినంత మాత్రమే పది రెట్లు పలచన చేసుకోవాలి. 500 మి.లీ. సీసా లెక్కకు చవకే, కానీ ఏడాదికి ఒక బ్యాచి ప్రాజెక్టులు మాత్రమే చేసేచోట 100 మి.లీ. సీసానే నయం. మంచి రియేజెంట్ నిమ్మపండు పసుపులో ఉంటుంది. ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే అప్పటికే క్షయకరణ చెందిందని అర్థం, దాన్ని వాడకండి. పక్క విభాగంలో బయోకెమిస్ట్రీ వాళ్లు లోరీ పద్ధతిలో ప్రొటీన్ కొలవడానికి వాడేది కూడా ఇదే సీసా. కొనేముందు అడిగి చూడండి.

సోడియం కార్బొనేట్‌లోనూ అదే స్ఫటిక జలం గొడవ ఉంది. నీరు లేనిది 106, పది స్ఫటిక జలాలున్నది 286. పద్ధతిలో 20 శాతం అని ఉంటే అది నీరు లేనిదానికే. స్టోరులో డెకాహైడ్రేట్ తప్ప లేకపోతే 20 గ్రాములకు బదులు 54 గ్రాములు వేయాలి. ఫోలిన్ వేసి మూడు నుంచి ఎనిమిది నిమిషాలు ఆగాకే కార్బొనేట్ కలపాలి. క్షారంలో ఫోలిన్ రియేజెంట్ తానే విరిగిపోతుంది కాబట్టి ఈ వరస తారుమారు చేయకూడదు.

ఇప్పుడు నీరు. మన ప్రాంతంలో నీరు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన నల్గొండ టెక్నిక్ పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తీస్తుంది. ఫ్లోరైడుకు అల్యూమినియం అంటే అంత మోజు కాబట్టి, అల్యూమినియం క్లోరైడుతో చేసే ఫ్లేవనాయిడ్ (ఫినాలిక్స్‌లోనే ఒక పెద్ద జాతి) పరీక్షను బోరు నీటి ఫ్లోరైడు చెడగొడుతుందేమో అని విద్యార్థులు అడుగుతుంటారు. ప్రశ్న తెలివైనదే. కానీ ఆ పరీక్షలో అల్యూమినియం, లీటరుకు రెండు మూడు మి.గ్రా. ఫ్లోరైడు కన్నా వందల రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ కాస్త ఫ్లోరైడు దాన్ని ఏమీ చేయలేదు. అసలు శత్రువు కాల్షియం. కఠిన జలంలో సోడియం కార్బొనేట్ పడగానే కాల్షియం కార్బొనేట్ సన్నటి తెల్లని మసకగా ఏర్పడుతుంది. ఆ మసక కాంతిని అడ్డుకుంటుంది, యంత్రం దాన్ని కూడా నీలి రంగుగానే లెక్కేస్తుంది.

దీన్ని తెలుసుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ఒక పరీక్షనాళికలో మీరు వాడబోయే నీరు 5 మి.లీ. తీసుకుని, 20 శాతం కార్బొనేట్ ద్రావణం 1 మి.లీ. కలిపి, పది నిమిషాలాగి నల్లటి కాగితం ముందు వెలుతురుకు పట్టి చూడండి. పాలపొర లాంటిది కనిపిస్తే ఆ నీరు పనికిరాదు. ఇరవై లీటర్ల క్యాన్లలో వచ్చే తాగునీటిని నమ్మకండి. రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపే యంత్రాలుంటాయి. గాజు పాత్రలో రెండుసార్లు స్వేదనం చేసిన నీరు ఈ పరీక్షలన్నింటికీ చాలు.

ఇంకొకటి, వేసవి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ల్యాబులో గది ఉష్ణోగ్రత అంటే 38 డిగ్రీలు. వేడిలో ఫోలిన్ రంగు తొందరగా వస్తుంది, తొందరగానే తగ్గుతుంది. జనవరిలో గీసిన గాలిక్ ఆమ్ల రేఖను మేలో వాడకండి. ప్రతి బ్యాచి నమూనాలతో పాటు స్టాండర్డ్ నాళికలు కూడా అదే స్టాండులో పెట్టండి.

ఫ్లేవనాయిడ్లు: బత్తాయికి క్వెర్సెటిన్ ఎందుకు కుదరదు

అల్యూమినియం క్లోరైడ్ పరీక్షకు చాలామంది కళ్లు మూసుకుని క్వెర్సెటిన్ రాసేస్తారు. తంగేడు పువ్వు, మునగాకు, ఉల్లి పొర లాంటి వాటికి అది సరైనదే, ఎందుకంటే వాటిలో ఫ్లేవనాల్ జాతి ఉంటుంది. అల్యూమినియంతో ఆ జాతి గాఢమైన పసుపు సంక్లిష్టం ఏర్పరుస్తుంది, 415 నానోమీటర్ల దగ్గర చదవవచ్చు. క్వెర్సెటిన్‌లోనూ నీటి రూపాలున్నాయి. నీరు లేనిది 302.24, సీఏఎస్ 117-39-5; డైహైడ్రేట్ 338.27, సీఏఎస్ 6151-25-3. ఇక్కడ పొరపడితే 12 శాతం తేడా. నీటిలో ఇది కరగదు, మిథనాల్‌లో కరిగించాలి.

రూటిన్ వాడాలా, క్వెర్సెటిన్ వాడాలా అన్నదానికి రసాయనపరంగా పెద్ద తేడా లేదు కానీ అంకెలో ఉంది. రూటిన్ అణుభారం 610, అంటే క్వెర్సెటిన్‌కు రెట్టింపు. అణువుకు అణువు రంగు ఒకేలా వచ్చినా, రూటిన్ తుల్యాంకాల్లో రాస్తే అదే ఆకులో ఫ్లేవనాయిడ్లు రెండింతలు కనిపిస్తాయి. ఇద్దరి ఫలితాలు పోల్చేటప్పుడు ముందు ఈ సంగతి చూడాలి.

బత్తాయి దగ్గరకు వచ్చేసరికి మొత్తం కథ మారుతుంది. నల్గొండ బత్తాయి అంటే సాత్‌గుడి రకం తీపి నారింజ. దాని తొక్కలో, తెల్లటి పొరలో రాశిగా ఉండేది హెస్పెరిడిన్. ఇది ఫ్లేవనోన్ జాతి. ఈ జాతికి క్వెర్సెటిన్‌లో ఉన్న జంటబంధం ఒకటి లేదు, అందువల్ల అల్యూమినియంతో 415 దగ్గర చెప్పుకోదగ్గ రంగు రాదు. బత్తాయి తొక్కను ఈ పద్ధతిలో కొలిస్తే ఫ్లేవనాయిడ్లు నామమాత్రంగా ఉన్నాయని వస్తుంది. అది తొక్క తప్పు కాదు, ఎంచుకున్న పరీక్ష తప్పు. ఫ్లేవనోన్లకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, డైఇథిలీన్ గ్లైకాల్‌లో క్షారం కలిపి 420 దగ్గర పసుపు రంగు చదివే డేవిస్ పద్ధతి. రెండు, డైనైట్రోఫినైల్‌హైడ్రజీన్ పద్ధతి. మొదటిదానికి రసాయనాలు చవక, చేయడం తేలిక; పుల్లటి పండ్ల వరకు నేను దానివైపే మొగ్గుతాను. రెండోదానిలో వాడే హైడ్రజీన్ పొడి ఎండిపోతే పేలే స్వభావం ఉన్నది. తేమతో సరఫరా చేస్తారు, అలాగే ఉంచాలి. విద్యార్థుల చేతికి ఇవ్వాలనిపించదు.

స్టాండర్డ్‌గా నారింజిన్ కొనాలా, హెస్పెరిడిన్ కొనాలా? నారింజిన్ పేరు వినగానే నారింజ గుర్తొచ్చి దాన్నే తెప్పించేవారున్నారు. అది పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్, పుల్లనారింజ జాతులది, వాటి చేదుకు అదే ఒక కారణం. తీపి నారింజకు హెస్పెరిడిన్ మొదటిది, సీఏఎస్ 520-26-1, తర్వాత నారిరుటిన్. హెస్పెరిడిన్‌తో మరో తలనొప్పి దాన్ని కరిగించడం. నీటిలో కరగదు, చల్లటి మిథనాల్‌లో కూడా సరిగా కరగదు. తెల్లటి నలుసులు సీసా అడుగున తిరుగుతూ ఉంటే అది కరగలేదనే అర్థం, వడకట్టి ముందుకు పోకూడదు. ముందు కొద్దిగా డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో పూర్తిగా కరిగించి, ఆపై మిథనాల్‌తో పలచన చేయండి. ఇండెంటులో హెస్పెరిడిన్ రాసినప్పుడే పక్కన ఈ ద్రావణి కూడా రాయాలి.

అల్యూమినియం క్లోరైడ్‌లో హెక్సాహైడ్రేట్‌నే తీసుకోండి. నీరు లేనిది నీళ్లలో వేయగానే చిమ్ముతుంది, ఆమ్లపు పొగ వస్తుంది. మూత తీసిన ప్రతిసారీ గాలిలో తేమను లాక్కుని కొంత చెడిపోతుంది. మీరు అనుసరించే పద్ధతి నీరు లేనిదాన్ని చెబితే 133కు 241 చొప్పున లెక్క మార్చుకుంటే సరిపోతుంది. నైట్రైట్ కలిపి 510 దగ్గర చదివే మరో రూపం ఉంది. అది కాటెచిన్ లాంటి వాటిని, కొన్ని ఫినాలిక్ ఆమ్లాలను కూడా కలిపి పట్టుకుంటుంది. దాన్ని మొత్తం ఫ్లేవనాయిడ్లు అని పిలవడం నాకు ఇష్టం ఉండదు.

జొన్న, కరక్కాయ: రెండు రకాల టానిన్లు

జొన్న టానిన్ల మీద పని చేయాలనుకునేవారు స్టాండర్డ్ కొనకముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. మనం తినే తెల్ల జొన్నల్లో చాలావాటిలో సాంద్ర టానిన్లు (కాటెచిన్ లాంటి అణువులు గొలుసుగా కలిసినవి) ఉండనే ఉండవు. గింజ పైపొర కింద రంగు పొర ఉన్న రకాల్లోనే ఉంటాయి, పైకి ఎర్రగా కనిపించినంత మాత్రాన ఉన్నట్టు కాదు. సోడియం హైపోక్లోరైట్‌కు క్షారం కలిపి, గోరువెచ్చన చేసి అందులో గింజలు నానబెడితే పైపొర ఊడిపోయి, టానిన్ ఉన్న గింజ మొత్తం నల్లగా తేలుతుంది, లేనిది తెల్లగానో మచ్చలతోనో మిగులుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో జొన్న మీద పని జరుగుతుంది. రకం పేరుతో సహా విత్తనం తెచ్చుకుంటే నమూనా ఏమిటన్న అనుమానం ఉండదు.

నల్లబడిన గింజలున్నాయనుకుందాం. వెనిలిన్-ఆమ్లం పద్ధతి, బ్యుటనాల్-ఆమ్లం పద్ధతి రెండూ ఉన్నాయి. వెనిలిన్ పద్ధతికి కాటెచిన్ స్టాండర్డ్ వాడతారు, 500 దగ్గర చదువుతారు. తొందరగా అవుతుంది, కానీ ఒంటరి కాటెచిన్ అణువులకూ రంగు వస్తుంది, ఉష్ణోగ్రతకు బాగా చలిస్తుంది. బ్యుటనాల్ పద్ధతిలో గొలుసు విరిగి ఎరుపు రంగు ఆంథోసయనిడిన్ వస్తుంది, కాబట్టి నిజమైన సాంద్ర టానిన్లకే అది ప్రత్యేకం. అందులో కాస్త ఇనుము లవణం తప్పనిసరి. కాటెచిన్ ఇందులో స్టాండర్డ్‌గా పనిచేయదు, దానిలో విరగడానికి గొలుసే లేదు. రకాల మధ్య పోలిక మాత్రమే కావాలంటే బ్యుటనాల్ పద్ధతి చేసి 550 దగ్గర శోషణనే గ్రాముకు లెక్కగట్టి ఇవ్వండి. అది నిజాయితీ అయిన అంకె.

కరక్కాయ టానిన్లు వేరే జాతి, జలవిశ్లేషణకు విడిపోయేవి. వెనిలిన్‌కూ బ్యుటనాల్‌కూ అవి చిక్కవు. వేడి నీటిలో ఎక్కువసేపు కాచితే విరిగి గాలిక్, ఎల్లాజిక్ ఆమ్లాలు పెరుగుతాయి. అంటే కషాయంలో గాలిక్ ఆమ్లం ఎక్కువ కనిపించడం కాయ గొప్పతనం కాకపోవచ్చు, పొయ్యి గొప్పతనం కావచ్చు. ఇక్కడ చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాల స్టాండర్డ్లు కావాలి. అవి మిల్లీగ్రాముల్లో వస్తాయి, ధర గుండె ఝల్లుమనిపిస్తుంది. డబ్బు పెట్టవలసిన చోటు మాత్రం ఇదే. ఫ్రాన్సులోని ఎక్స్‌ట్రాసింథీస్, జర్మనీలోని ఫైటోల్యాబ్, బెంగళూరులోని నేచురల్ రెమెడీస్ లాంటివారు ఇలాంటి వృక్ష సంబంధ స్టాండర్డ్ల మీదే దృష్టి పెట్టినవారు. ఔషధ ప్రమాణాలకు అనుగుణంగా పరీక్ష చేయాల్సి వస్తే గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఇచ్చే రిఫరెన్స్ పదార్థాలను ముందు చూడాలి.

నేరేడు పండు చేసేవారు మాత్రం అదృష్టవంతులు. ఆ ఊదా రంగు ఆంథోసయనిన్లను పీహెచ్ తేడా పద్ధతిలో స్టాండర్డ్ కొనకుండానే కొలవవచ్చు. పొటాషియం క్లోరైడ్‌తో పీహెచ్ 1.0, సోడియం ఎసిటేట్‌తో 4.5 బఫర్లు చేసుకుని 520, 700 దగ్గర చదవాలి. సయనిడిన్-3-గ్లూకోసైడ్‌కు మోలార్ శోషణ 26,900, అణుభారం 449.2 అని ఒప్పుకున్న విలువలే లెక్కకు వాడతారు. కావలసిన ఖర్చు మంచి పీహెచ్ మీటరు, దాన్ని సరిచూసే బఫర్లు.

హెచ్‌పీఎల్‌సీకి వస్తే

స్టాండర్డ్ లేబుల్ మీద 98 శాతం అని ఉంటే, విశ్లేషణ పత్రంలో అది దేనితో కొలిచిన 98 అని చూడండి. హెచ్‌పీఎల్‌సీ శిఖరాల వైశాల్యం ప్రకారమైతే ఆ యంత్రానికి నీరు కనిపించదు, లవణాలు కనిపించవు. పత్రంలోనే కింద కార్ల్ ఫిషర్ పద్ధతిలో తేమ 6 శాతం అని ఉంటే, అసలు పదార్థం 98లో 94 శాతం, అంటే 92 మాత్రమే. ఈ గుణకారం చేయకుండా రాసిన ఫలితాలు చాలా ఉన్నాయి. తేమ అంకెలేని పత్రం ఇచ్చే సరఫరాదారు దగ్గర ఖరీదైన స్టాండర్డ్ కొనకండి. ఆహార పూరకాల కోసం అమ్మే 95 శాతం హెస్పెరిడిన్ పొడి చవకగా దొరుకుతుంది; సంగ్రహణ పద్ధతి ప్రయత్నించడానికి వాడుకోండి, రేఖ గీయడానికి వద్దు.

తూకం గురించి. జిల్లా ల్యాబుల్లో సాధారణంగా ఉండేది నాలుగు దశాంశాల బ్యాలెన్స్, అంటే 0.1 మి.గ్రా. వరకు చూపేది. దాని మీద 5 మి.గ్రా. తూచితే 0.2 మి.గ్రా. అటూ ఇటూ అయినా 4 శాతం పోయినట్టే. అంత ఖరీదైన సర్టిఫైడ్ పదార్థం కొని ఇలా తూచడం పైన పటారం, లోన లొటారం. మూడు దారులున్నాయి. చవక పదార్థాలైతే 50 మి.గ్రా. తూచి పెద్ద ఫ్లాస్కులో కలపండి. ఖరీదైనవైతే 0.01 మి.గ్రా. చూపే బ్యాలెన్స్ ఉన్న చోటికి సీసా పట్టుకెళ్లి ఒకేసారి ద్రావణం చేసుకుని రండి. లేదా తూకం అవసరం లేకుండా, ఇంత గాఢత అని ధ్రువీకరించి ఆంప్యూల్‌లో వచ్చే ద్రావణాన్నే కొనండి. సీసా మీద 10 మి.గ్రా. అని ఉంది కదా అని మొత్తం కడిగి 10 మి.లీ. చేయడం కుదరదు, ఆ బరువు సాధారణంగా ఉజ్జాయింపుదే.

ద్రావణిలో కరిగించినవాటికి వేడి మరో శత్రువు. మిథనాల్ 20 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే రెండు శాతానికి పైగా వ్యాకోచిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ద్రావణాన్ని అలాగే పిపెట్‌తో తీయకుండా గది వేడికి రానివ్వండి. ఫ్రీజర్‌లోని పొడి సీసా మూతను కూడా అంతే, చల్లదనం పోయాక తీయండి, లేకపోతే గాలిలో తేమ లోపల పొడి మీద పేరుకుంటుంది. కెఫిక్, ఫెరూలిక్, కౌమారిక్ ఆమ్లాల ద్రావణాలు వెలుతురులో రూపం మార్చుకుంటాయి, ఒక శిఖరం దగ్గర రెండు కనిపిస్తే కలుషితం అనుకోకముందు ఇది గుర్తుచేసుకోండి. గోధుమరంగు సీసాలు వాడండి. వంకాయ మీద పనిచేసేవారికి క్లోరోజెనిక్ ఆమ్లం కావాలి. దాని అణువులో అతుకు ఉన్న స్థానాన్ని పాత పద్ధతిలో 3 అని, కొత్త పద్ధతిలో 5 అని లెక్కించి పేర్లు పెడతారు. 327-97-9 అన్న నంబరుతో అడిగితే గందరగోళం ఉండదు.

ద్రావణుల్లో డబ్బు మిగల్చడం తేలిక. సంగ్రహణకు ఏఆర్ (విశ్లేషణ) శ్రేణి మిథనాల్ చాలు, కాలమ్‌లోకి వెళ్లేదానికి మాత్రమే హెచ్‌పీఎల్‌సీ శ్రేణి. 80 శాతం మిథనాల్ చాలావాటికి పనికొస్తుంది. టానిన్లకు 70 శాతం అసిటోన్ మెరుగు, అయితే అసిటోన్ 330 నానోమీటర్ల కింద కాంతిని తానే పీల్చేస్తుంది కాబట్టి యంత్రంలోకి ఎక్కించే ముందు ఆవిరి చేసేయాలి. ఇథనాల్ సురక్షితం, కానీ శుద్ధమైన ఆల్కహాల్ కొనడానికి ఆబ్కారీ అనుమతుల తతంగం ఉంటుంది. కాలమ్‌కు అసిటోనైట్రైల్ ఖరీదు ఎక్కువ, పీడనం తక్కువ. మిథనాల్ చవక, నీటితో సగం సగం కలిసినచోట పీడనం బాగా పెరుగుతుంది. పది పన్నెండు ఫినాలిక్ ఆమ్లాలను వేరు చేయడానికి మిథనాల్‌తో మొదలుపెట్టి, రెండు శిఖరాలు ఎంతకీ విడిపోకపోతేనే అసిటోనైట్రైల్ తెప్పించండి. ఆమ్లంగా 0.1 శాతం ఫార్మిక్ తీసుకుంటే రేపు అదే పద్ధతిని మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న చోటికి తీసుకెళ్లవచ్చు. ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం ఆవిరి కాదు, ఆ యంత్రాన్ని పాడుచేస్తుంది.

ఇండెంటులో పేరు ఒక్కటే రాస్తే ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లోనైనా, మూడు కొటేషన్ల పద్ధతిలోనైనా తక్కువ ధర చెప్పినవారు తమ దగ్గరున్న రూపమే పంపుతారు. పేరు, సీఏఎస్ నంబరు, నీరు ఉన్నదో లేనిదో, శుద్ధత ఏ పద్ధతిలో, ప్యాకింగు పరిమాణం, లాటు వారీ విశ్లేషణ పత్రం, వచ్చేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలన్న షరతు, ఇవన్నీ ఒకే వరుసలో రాయండి. విదేశాల నుంచి రావలసినవాటికి వారాలు పడుతుంది కాబట్టి పంట కోతకు వచ్చే నెలను బట్టి ముందే పెట్టండి. సరుకు వచ్చిన రోజు సీలు తీయకుండా లేబుల్‌లోని నంబరును ఇండెంటుతో సరిచూడండి. తేడా ఉంటే అప్పుడే తిప్పి పంపాలి, సీలు తీసిన సీసాను ఎవరూ వెనక్కి తీసుకోరు.